దుకాణం లెక్క పాటగా మారిన గురువారాలు

బ్రిటన్‌లో ఓ చిన్న ఊరి రికార్డుల షాపు. కౌంటర్ దగ్గరున్న మనిషి రికార్డును కవర్లో పెట్టి ఇస్తారు, డబ్బు తీసుకుని చిల్లర లెక్కపెట్టి ఇస్తారు, ఆ తర్వాత పక్కనున్న డైరీ తెరిచి ఆ రికార్డు మీది నంబరు రాసుకుంటారు. వారం పొడుగునా ఇదే పని. వారం చివర ఆ డైరీ పోస్టులో వెళ్లిపోతుంది. అలాంటి డైరీలు సుమారు 300 షాపుల నుంచి ఒక చోటికి చేరతాయి. సోమవారం లెక్క తేలుతుంది. మంగళవారం చార్టు, అంటే ఎక్కువ అమ్ముడైన పాటల వరస జాబితా, బయటికి వస్తుంది. బుధవారం స్టూడియోలో రికార్డింగ్, గురువారం సాయంత్రం ప్రసారం. బీబీసీ టీవీ పాటల కార్యక్రమం 'టాప్ ఆఫ్ ది పాప్స్' 1969 నుంచి 1980ల మొదటిదాకా దాదాపు ఈ పద్ధతిలోనే నడిచింది.

ఈ కార్యక్రమం మొదటిసారి 1964 జనవరి 1న వచ్చింది. స్టూడియో మొదట్లో లండన్‌లో కాదు, మాంచెస్టర్‌లో. రషోమ్ ప్రాంతంలో డికెన్సన్ రోడ్డు మీదున్న ఓ పాత చర్చిని స్టూడియోగా మార్చి అందులో తీశారు. రోలింగ్ స్టోన్స్ బృందం, గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆ రోజే కనిపించారు. కొద్ది వారాలు నడిపి చూద్దాం అనుకుని మొదలుపెట్టిన ఆ కార్యక్రమం 42 ఏళ్లు నడిచి, రెండు వేలకు పైగా ఎపిసోడ్లు పూర్తి చేసుకుని, 2006 జూలై 30న ఆగిపోయింది.

దాని గురించి రాసేవాళ్లు మామూలుగా గాయకుల గురించి రాస్తారు. డేవిడ్ బోవీ వేసుకున్న రంగురంగుల బట్టలు, బాయ్ జార్జ్ అలంకరణ, ఎవరు ఎవరి భుజం మీద చెయ్యి వేశారు అన్నవే కబుర్లు. అవన్నీ ముచ్చటైనవే. కానీ ఈ కార్యక్రమాన్ని అంతకాలం నిలబెట్టింది ఒక లెక్క, ఆ లెక్కకు కట్టుబడిన కొన్ని నియమాలు. చివరికి దాన్ని ముంచింది కూడా ఆ లెక్కే. వెనక్కి తిరిగి చూస్తే తెలుసుకోవాల్సిన సంగతి అక్కడే ఉంది.

మొదటి నిర్మాత జానీ స్టూవర్ట్ పెట్టిన నియమాలు చాలా సులువైనవి. కార్యక్రమం ఎప్పుడూ ఆ వారం నంబర్ వన్ పాటతో ముగియాలి. వరసగా రెండు వారాలు కనిపించే హక్కు ఆ నంబర్ వన్‌కి ఒక్కదానికే ఉంటుంది. చార్టులో కిందికి దిగుతున్న పాటను చూపించకూడదు. కొత్తగా వచ్చిన వాటిలో అన్నిటికన్నా పైన చేరినదాన్ని, ఆ వారం ఎక్కువ మెట్లు ఎక్కినదాన్ని వదలకూడదు. అంతే. ఏ పాట గొప్పది, ఏది చౌకబారుది అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు. నిర్మాతకు ఒక పాట నచ్చకపోయినా, అది మెట్లు ఎక్కుతుంటే వెయ్యక తప్పదు. ఎంత పేరున్న గాయకుడైనా పాట దిగుతోందంటే సిఫారసులు పనిచెయ్యవు.

అందుకే ఆ అరగంటలో చిత్రమైన పొరుగులు కుదిరేవి. పిన్నులు గుచ్చుకున్న పంక్ కుర్రాళ్ల పక్కన పిల్లల బృందగానం వచ్చేది. జమైకా రెగే అయిపోగానే సూటు వేసుకున్న పెద్దాయన ప్రేమపాట అందుకునేవాడు. తండ్రికి నచ్చిన పాట కోసం కూతురు, కూతురికి నచ్చిన పాట కోసం తండ్రి ఓర్చుకుంటూ ఒకే సోఫాలో కూర్చోవాల్సి వచ్చేది. అప్పట్లో అక్కడ ఉన్నవి మూడే టీవీ ఛానెళ్లు. బీబీసీ రేడియోలో పాప్ పాటల కోసమే పుట్టిన రేడియో వన్ కూడా 1967 సెప్టెంబర్ చివరలో గానీ రాలేదు. తమ ఈడు పిల్లలు వినే పాటను కళ్లతో చూడాలంటే దేశమంతటికీ దొరికే చోటు దాదాపు అదొక్కటే. 1970లలో వారానికి కోటిన్నర మంది దాకా చూసేవారు. 1979లో పోటీ ఛానెల్ ఐటీవీ సమ్మెలో ఉన్నప్పుడు ఆ సంఖ్య కోటీ తొంభై లక్షలకు చేరింది.

ఆ లెక్క ఎవరి ముఖమూ చూడదని చెప్పడానికి 1967 నాటి ఒక సంగతి చాలు. ఆ ఏడాది ఫిబ్రవరిలో బీటిల్స్ రికార్డు ఒకటి వచ్చింది. రెండు వైపులా రెండు అద్భుతమైన పాటలు. నంబర్ వన్ ఖాయం అని అందరూ అనుకున్నారు. కానీ దాన్ని రెండో స్థానంలో ఆపేసింది ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ అనే గాయకుడి పాత తరహా విరహగీతం. ఆ గాయకుడు 1936లో పుట్టింది మన మద్రాసులో. అరవై ఏళ్లపాటు ఆ చార్టుల్లో కనిపిస్తూ వచ్చిన క్లిఫ్ రిచర్డ్ లక్నోలో పుట్టాడు. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ కుటుంబంలో జాంజిబార్‌లో పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. ఆ తెర మీద మన నేల జాడలు అనుకున్నదానికన్నా ఎక్కువే.

అయితే లెక్క ఎంత నిష్పక్షపాతమైనా, అసలు ఎవరిని లెక్కపెడుతున్నారన్న ప్రశ్న ఒకటుంది. బ్రిటన్‌లో మొదటి చార్టు 1952 నవంబర్‌లో ఓ సంగీత వారపత్రికలో వచ్చింది. ఆ పత్రిక మనిషి సుమారు ఇరవై షాపులకు ఫోన్ చేసి, ఏవి బాగా అమ్ముడవుతున్నాయో అడిగి రాసుకున్న జాబితా అది. తర్వాత ఇంకొన్ని పత్రికలు సొంత చార్టులు పెట్టాయి. ఒక్కో పత్రికలో ఒక్కో పాట నంబర్ వన్. 1963లో బీటిల్స్ రెండో సింగిల్ (ఒక్క పాట కోసం అమ్మే చిన్న రికార్డు) ఒక పత్రికలో మొదటి స్థానంలో ఉంటే మరోదానిలో రెండో స్థానంలో ఉంది. 'టాప్ ఆఫ్ ది పాప్స్' వాళ్లు ఇలాంటి నాలుగైదు జాబితాల సగటు తీసి నడిపించేవారు. ఆ గజిబిజి భరించలేకే 1969లో బీబీసీ, ఒక వ్యాపార పత్రిక కలిసి మార్కెట్ పరిశోధన సంస్థకు ఆ పని అప్పజెప్పాయి. మొదట్లో చెప్పిన డైరీలు అప్పుడు పుట్టినవే.

డైరీలు వచ్చాక కొత్త జబ్బు పట్టుకుంది. ఏయే షాపులు డైరీ రాస్తున్నాయో రికార్డు కంపెనీలకు తెలిసిపోయేది. ఆ షాపులకే మనుషుల్ని పంపి తమ రికార్డులు తామే కొనిపించేవారు. కొన్నిచోట్ల షాపువాళ్లకు ఉచితంగా రికార్డులో, ఏదో కానుకో ఇచ్చి, అమ్మని రికార్డుల నంబర్లు కూడా డైరీలో ఎక్కించేవారు. నలభై రెండో స్థానంలో ఉన్న పాటను నాలుగు మెట్లు ఎక్కించగలిగితే గురువారం తెర మీద మూడు నిమిషాలు దొరికే అవకాశం ఉంది. ఆ మూడు నిమిషాలు దొరికితే మరుసటి వారం నిజం అమ్మకాలే పాటను పైకి తోస్తాయి. అంటే లెక్క పాటను తెర మీదికి తెస్తే, తెర తిరిగి లెక్కను పెంచేది. 1983లో గాలప్ అనే సర్వేల సంస్థ చేతికి చార్టు వెళ్లి, షాపుల్లో చేతిరాత డైరీల బదులు ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాకే ఈ ఆట కొంత కష్టమైంది.

అంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది. 1980లలో బ్రిటన్‌లోని పంజాబీ కుటుంబాల మధ్య భాంగ్రా సంగీతం పెద్ద ఎత్తున నడిచింది. అలాప్, హీరా లాంటి బృందాల క్యాసెట్లు వేలకు వేలు అమ్ముడయ్యాయి. కానీ అవి అమ్ముడైనది లండన్ సౌతాల్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో, బియ్యం బస్తాలూ చీరలూ దొరికే మన వాళ్ల షాపుల్లో. ఆ షాపుల్లో డైరీ లేదు, యంత్రం లేదు. కాబట్టి చార్టు దృష్టిలో ఆ క్యాసెట్లు అమ్ముడే కాలేదు. చార్టులో లేవు కనుక గురువారం తెర మీదా లేవు. ఒక తరం పిల్లలు ఇంట్లో ఒక సంగీతం వింటూ, టీవీలో ఇంకో సంగీతం చూస్తూ పెరిగారు. తమ ఇంటి పాట ఈ దేశపు పాటే కాదేమో అని వాళ్లకు అనిపించి ఉంటే తప్పు వాళ్లది కాదు. 1982లో షీలా చంద్ర గొంతుతో సితార్, తబలా కలిసిన ఒక పాట చార్టులో పైకి వచ్చి ఆ కార్యక్రమంలో కనిపించింది. 1998లో కార్నర్‌షాప్ అనే బృందం ఆశా భోంస్లేను తలుచుకుంటూ చేసిన పాట నంబర్ వన్ అయింది. 2003లో పంజాబీ ఎంసీ పాట పంజాబీ భాషలోనే అయిదో స్థానం దాకా వెళ్లింది. అప్పటికి భాంగ్రా క్యాసెట్లు ఇరవై ఏళ్లుగా అమ్ముడవుతూనే ఉన్నాయి.

పాటను నిజంగా పాడారా, పెదాలు కదిపారా అన్నది ఈ కార్యక్రమం చుట్టూ ఎప్పుడూ తెగని గొడవ. మొదట్లో గాయకులు రికార్డు మోగుతుంటే పెదాలు కదిపేవారు. వాద్యకారుల సంఘం దీనికి అడ్డం తిరిగింది. రికార్డు వేసేస్తే వాయించేవాళ్ల పొట్ట కొట్టినట్టేనని వాళ్ల వాదన. 1966లో పద్ధతి మారింది. స్టూడియోలో వాద్యబృందం వాయించాలి, లేదా ఆ వారం కోసం పాటను మళ్లీ కొత్తగా రికార్డు చేసి ఆ టేపు వెయ్యాలి. నెలల తరబడి పెద్ద స్టూడియోలో చెక్కిన పాటను ఒక్క పూటలో మళ్లీ ఎవరు చెయ్యగలరు? సంఘం ప్రతినిధి చూస్తుండగా రికార్డింగ్ మొదలుపెట్టేవారట. ఆయన్ని టీకో భోజనానికో తీసుకెళ్లి వచ్చేసరికి, అసలు రికార్డు టేపే "కొత్తది"గా చేతికి వచ్చేదట. ఆనాటి సంగీతకారులు చాలామంది ఈ సంగతి బయటికే చెప్పారు.

తెలుగువాళ్లకు ఈ గొడవ కాస్త వింతగా తోస్తుంది. ఘంటసాల పాడితే రామారావు, నాగేశ్వరరావు పెదాలు కదిపారు. సుశీల గొంతు ఎందరి నోట వినిపించిందో లెక్కలేదు. దాన్ని మోసమని మనం ఒక్కనాడూ అనుకోలేదు, ఎందుకంటే పాడినవారి పేరు టైటిల్స్‌లోనే ఉంది, అందరికీ తెలుసు. అక్కడ చిక్కు వేరు. పాడినవాడే పెదాలు కదుపుతున్నాడు. తన పాటనే తాను పాడుతున్నట్టు నటిస్తున్నాడు. రాక్ సంగీతం తన నిజాయితీ గురించి ఎన్నో మాటలు చెప్పుకునే రోజుల్లో ఆ నటన చాలామందికి ముల్లులా గుచ్చుకునేది.

ఆ ముల్లు ఎక్కువగా గుచ్చుకున్నది 1988లో. ఆల్ ఎబౌట్ ఈవ్ అనే బృందం వచ్చింది. గాయని జూలియాన్ రీగన్ స్టూల్ మీద కూర్చుంది, పక్కన గిటార్ పట్టుకుని ఒకాయన. ప్రసారం లైవ్. ఇళ్లలో టీవీల నుంచి పాట వినిపించడం మొదలైంది. స్టూడియోలో మాత్రం వాళ్లకు ఏమీ వినిపించడం లేదు. పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఆమె ఓపిగ్గా, కదలకుండా ఎదురుచూస్తోంది. లక్షల ఇళ్లలో ఆమె గొంతు పాడుతోంది, తెర మీద ఆమె నోరు మూసుకునే ఉంది. ఇందులో ఆమె తప్పు రవ్వంత కూడా లేదు. కానీ పాతికేళ్లుగా ఆ స్టూడియోలో జరుగుతున్నది ఏమిటో అంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు. 1991లో గాయకులు గొంతు వరకైనా నిజంగా పాడాలని నియమం మార్చారు. ఆ ఏడాది చివర్లో నిర్వాణా బృందం వచ్చి, వాద్యాలు ఊరికే వాయిస్తున్నట్టు నటించాలనేసరికి గిటార్ తీగల మీద చెయ్యి ఆనీ ఆనకుండా ఆడించింది. ఆ బృందం గాయకుడు కర్ట్ కోబెయిన్ తన పాటను గొంతు బాగా కిందికి దించి, ఎవరో వేరే మనిషిలా పాడాడు.

గాయకులు రాలేని వారాల్లో ఏం చెయ్యాలి? అమెరికా గాయకుడి పాట నంబర్ వన్ అయితే ఆయన మంగళవారం తెలిసి బుధవారానికి లండన్‌లో ఎలా దిగుతాడు? అందుకే నృత్యబృందాలు. 1968 నుంచి 1976 దాకా పాన్స్ పీపుల్ అనే అమ్మాయిల బృందం ఆ ఖాళీని నింపింది. చార్టు తేలాక ఒకటి రెండు రోజుల్లో పాట విని, అడుగులు కూర్చి, బట్టలు కుట్టించుకుని కెమెరా ముందు నిలబడాలి. వాళ్ల శ్రమకు దక్కిన గౌరవం చాలా తక్కువ. 1975లో క్వీన్ బృందం 'బొహీమియన్ రాప్సడీ' కోసం ఒక చిన్న చిత్రం తీసి ఇచ్చింది. స్టూడియోలో పెదాలు కదిపి ఒప్పించగలిగే పాట కాదది. ఆ పాట తొమ్మిది వారాలు నంబర్ వన్‌గా ఉంది, ఆ చిత్రం వారం వారం తెర మీద కనిపించింది. వీడియో అనే అలవాటు బలపడ్డాక, 1983 నాటికి నృత్యబృందాల అవసరమే లేకుండా పోయింది.

మరి కార్యక్రమం ఎందుకు పడిపోయింది? ఛానెళ్లు పెరిగాయి, ఎంటీవీ వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది అని చెప్పడం సులువు. అవి కారణాలే. 1996లో గురువారం నుంచి శుక్రవారానికి, అదీ దేశమంతా చూసే సీరియల్‌కు ఎదురుగా మార్చడం కూడా దెబ్బే. కానీ లోపలి జబ్బు చార్టులోనే ఉంది. ఒకప్పుడు పాట ముప్పయ్యో స్థానంలో అడుగుపెట్టి, పదిహేనుకు, ఎనిమిదికి, రెండుకు చేరేది. చూసేవాళ్లకు అదొక కథ. ఈ వారం ఎక్కుతుందా, ఆగిపోతుందా అన్న టెన్షన్. 1990లలో రికార్డు కంపెనీలు పాటను వారాల ముందు నుంచే రేడియోలో మోగించి, మొదటి వారం ధర తగ్గించి అమ్మడం నేర్చుకున్నాయి. అభిమానులంతా మొదటి వారంలోనే కొనేసేవారు. పాట నేరుగా నంబర్ వన్‌లో దిగి, మరుసటి వారం ఎనిమిదికి జారి, ఆపై కనిపించకుండా పోయేది. 2000 సంవత్సరంలో నలభైకి పైగా నంబర్ వన్‌లు మారాయంటే, దాదాపు వారానికొకటి.

కిందికి దిగే పాటను చూపకూడదన్న నియమం ఇప్పుడు ఏమవుతుంది? దాదాపు అన్నీ దిగేవే అయితే చూపించడానికి ఏం మిగులుతుంది? నియమాన్ని సడలించారు. చార్టుకు ముందే కొత్త పాటలు వేశారు, ముఖాముఖీలు, కబుర్లు చేర్చారు. అంటే ఇన్నేళ్లు లెక్కకు వదిలేసిన ఎంపిక మళ్లీ మనుషుల చేతికి వచ్చింది. అక్కడితో అది ఇంకో పాటల కార్యక్రమం అయిపోయింది. 2005 జూలైలో బీబీసీ టూకి, ఆదివారానికి పంపేశారు. చూసేవాళ్లు పది లక్షల చుట్టుపక్కలకు పడిపోయారు. మరో ఏడాదికి ఆపేశారు.

ఆపకుండా ఉంటే ఏమయ్యేదో కూడా ఊహించవచ్చు. 2014లో స్ట్రీమింగ్‌ను చార్టులో కలిపారు. 2017 మార్చిలో ఎడ్ షీరన్ ఆల్బమ్ విడుదలైన వారం మొదటి ఇరవై స్థానాల్లో పదహారు ఆయన పాటలే. ఒకే గాయకుడికి మూడు పాటల హద్దు పెట్టాల్సి వచ్చింది. డబ్బు పెట్టి ఒక్కసారి కొనడం వేరు, వెనకాల మోగుతుంటే పదేపదే వినడం వేరు. రెండిటినీ ఒకే నిచ్చెన మీద ఎక్కిస్తే ఆ నిచ్చెనకు పాత అర్థం ఉండదు.

మన దగ్గర ఇలాంటి నిచ్చెన రేడియోలోనే బలంగా ఉండేది. 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా కోసం హిందీ అంతగా రాని తెలుగు ఇళ్లలో కూడా బుధవారం రాత్రి రేడియో సిలోన్ తిప్పేవారు. అమీన్ సయానీ ఒక్కో మెట్టు ఎక్కుతూ పాట పేరు చెబుతుంటే ఊపిరి బిగబట్టేవారు. తెలుగు టీవీలో మాత్రం దూరదర్శన్ చిత్రలహరి పాటలు చూపించింది గానీ వాటికి వరస నంబర్లు ఇవ్వలేదు. పాట సినిమాలో భాగం కావడంతో, సినిమా ఆడిన రోజులే పాటకూ లెక్క అయ్యాయి. క్యాసెట్ల కాలంలో ప్లాటినం డిస్క్ ఫంక్షన్లు వచ్చాయి. ఇప్పుడు ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని వ్యూస్ అన్నది పోస్టర్ మీదికెక్కుతోంది. లెక్క మనకూ ఉంది, అందరూ ఒకే వేళకు కూర్చుని దాన్ని చూసే అరగంట మాత్రం తెలుగు పాటకు దక్కలేదు.

ఈ కార్యక్రమాన్ని ముచ్చటగా తలుచుకునే ఎవరూ దాటవేయకూడని సంగతి ఇంకొకటుంది. మొదటి ఎపిసోడ్‌నీ, చివరి ఎపిసోడ్‌లో కొంత భాగాన్నీ నడిపినవాడు జిమ్మీ సావిల్. 2011లో అతను చనిపోయిన ఏడాదికి, దశాబ్దాల పాటు పిల్లల మీద, ఆడవాళ్ల మీద చేసిన లైంగిక అత్యాచారాలు బయటపడ్డాయి. 2016లో వచ్చిన విచారణ నివేదిక, బీబీసీ పనికి సంబంధించే 72 మంది బాధితులను గుర్తించింది. 'టాప్ ఆఫ్ ది పాప్స్' చుట్టూ జరిగినవీ అందులో ఉన్నాయి. స్టూడియోలో వేదిక చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టిన ఆ గుంపులో ఎక్కువమంది టీనేజీ పిల్లలు. ఇష్టమైన గాయకుణ్ణి దగ్గర నుంచి చూద్దామని వచ్చిన పిల్లల్ని కాపాడాల్సిన సంస్థ కాపాడలేదు. 2011 నుంచి బీబీసీ ఫోర్ పాత ఎపిసోడ్లను వరసగా మళ్లీ చూపిస్తోంది. 2012 తర్వాత సావిల్ నడిపిన వారాలు వచ్చినప్పుడు వాటిని వదిలేసి ముందుకు వెళ్లింది.

వదిలేయడానికి కూడా మిగలని వారాలు ఎన్నో. 1960ల ఎపిసోడ్లలో పూర్తిగా దొరికేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అప్పట్లో వీడియో టేపు ఖరీదైనది, ఒకసారి ప్రసారమైన పాటల కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారని టేపు చెరిపి, దానిమీదే ఇంకోటి రికార్డు చేసేవారు. 1966 జూన్ 16న బీటిల్స్ నలుగురూ ఆ స్టూడియోకి స్వయంగా వచ్చారు. లైవ్‌గా రావడం అదొక్కసారే. ఆ టేపు కూడా చెరిగిపోయింది. ఆ సాయంత్రం ఓ ఇంట్లో టీవీ చూస్తున్నవాళ్లు తమ చిన్న 8 ఎంఎం కెమెరాను తెర వైపు తిప్పారు. ఆ ఫిల్మ్ చేతులు మారి మెక్సికోలో ఓ సేకర్త దగ్గరికి చేరి, 2019లో బయటికి వచ్చింది. మొత్తం 11 సెకన్లు. శబ్దం లేదు. బొమ్మ వణుకుతుంది. నలుగురు కుర్రాళ్ల పెదాలు కదులుతూ ఉంటాయి.